పాటల పుస్తకం ఉంది, పాట ఎక్కడ?
స్వీడన్ రికార్డులూ మన క్యాసెట్లూ

పాట గురించి మన పత్రికల్లో చర్చ జరిగినప్పుడల్లా అది వస్తువు దగ్గర మొదలవుతుంది, శిల్పం దాకా వెళ్తుంది, అక్కడ ఆగిపోతుంది. పాటలో ఏం చెప్పారు, ఎవరి పక్షాన నిలబడి చెప్పారు, ఏ జానపద బాణీని తీసుకున్నారు - ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. కానీ గొంతులోంచి వచ్చిన పాట టేపు మీదికి ఎలా ఎక్కింది, ఆ టేపు ఎవరి చేతుల్లో ఉంది, దాని ప్రతులు ఎవరు తీశారు, ఎవరు పంచారు, యాభై ఏళ్ళ తర్వాత అది ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలు మన విమర్శలో ఎప్పుడూ ముందుకు రాలేదు. అవి యంత్రాల సంగతులనీ, సాహిత్యానికి సంబంధం లేనివనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించడానికి నేను స్వీడన్ దేశపు డెబ్భయ్యవ దశకం రికార్డులను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

గంభీరావుపేటలో కూర్చుని స్వీడన్ సంగీతం గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. స్వీడన్ అనగానే మన పాఠకులకు గుర్తొచ్చే పేరు జాన్ మిర్డాల్. 1980 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి, ఇక్కడి రైతుల గురించీ రచయితల గురించీ రాసిన మనిషి. 2020లో చనిపోయాడు. ఆయన పుస్తకం మనకు చేరింది, దాని మీద మనవాళ్ళు మాట్లాడుకున్నారు. కానీ అదే కాలంలో ఆయన దేశపు యువతరం వాయించిన సంగీతం మనదాకా రాలేదు. ఇప్పుడది చేతిలో ఫోను ఉన్న ప్రతివాడికీ దొరుకుతున్నది. రెండేళ్ళుగా రాత్రిపూట ఆ రికార్డులు ఒక్కొక్కటే వింటున్నాను. నాకు స్వీడిష్ రాదు. పాటల అర్థం అనువాదాల సాయంతో తెలుసుకున్నాను, మిగిలింది చెవికి వదిలేశాను.

ముందు ఒక మాట గురించి స్పష్టత కావాలి. స్వీడన్‌లో ఆ సంగీతాన్ని ‘ప్రొగ్’ అంటారు. ఇంగ్లండులో కూడా ‘ప్రోగ్రెసివ్ రాక్’ ఉంది. పేరులో పోలిక చూసి రెంటినీ ఒకే గాట కట్టేవాళ్ళున్నారు. ఇంగ్లీషు బృందాల విషయంలో - కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ లాంటివి - ఆ విశేషణం రూపానికి సంబంధించినది. ఇరవై నిమిషాల పాటలు, బేసి తాళాలు, ఆర్గన్లు, సింథసైజర్లు, వాద్యం మీద అసాధారణమైన అధికారం. స్వీడన్‌లో అదే మాట సంబంధాలను సూచిస్తుంది. వాయించేవాడికీ వినేవాడికీ మధ్య సంబంధం, పాటకూ దాన్ని అమ్మే కంపెనీకీ మధ్య సంబంధం. అందుకే రెండు తీగస్వరాలు మాత్రమే వచ్చిన కొత్తవాళ్ళ పాటా, జాజ్‌లో పండిపోయిన వాళ్ళ వాద్యగోష్ఠీ ఒకే పేరు కింద ఇమిడాయి. 1943లో తెనాలిలో రచయితలు తమ సంఘానికి ‘అభ్యుదయ’ అని పేరు పెట్టుకున్నప్పుడు అది ఛందస్సుకు సంబంధించిన విశేషణం కాదన్న సంగతి తెలిసిన మనకు ఈ తేడా పట్టుబడడం కష్టం కాదు.

అరవయ్యవ దశకం చివరికి స్వీడన్ సంపన్న దేశం, సోషల్ డెమోక్రాట్ల పాలనలో ఉన్న సంక్షేమ రాజ్యం. ఆ ప్రశాంతత పైపైదేనని రెండు విషయాలు చూపించాయి. ఒకటి, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా దేశమంతా లేచిన కదలిక. రెండవది, 1969 డిసెంబరులో ఉత్తరాన ప్రభుత్వ యాజమాన్యంలోని ఇనుప గనుల్లో కార్మికులు తమ సంఘ నాయకత్వాన్ని కాదని చేసిన సమ్మె. ఈ నేపథ్యంలో 1970 జూన్ 12 నుంచి 14 దాకా స్టాక్‌హోమ్‌లో యెర్డెట్ అనే మైదానంలో యువకులు అనుమతి లేకుండా సంగీతోత్సవం జరుపుకున్నారు. టిక్కెట్టు లేదు, ప్రకటనదారుడు లేడు. ‘మీరే వాయించండి’ అన్నది వాళ్ళ నినాదం. మరో మూడు వారాలకు, జూలై 4న, హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఈ రెండు తేదీలూ కాలెండరులో పక్కపక్కన ఉన్నాయి, అంతకుమించి నేను వాటికి ముడిపెట్టను.

ఆ మైదానంలో వాయించిన ఒక బృందం పేరుకు ‘చెట్లు, గడ్డి, రాళ్ళు’ అని అర్థం. వాళ్ళ రికార్డు మొదటిసారి విన్న మనవాడు విసుక్కుంటాడు. ఒకే చిన్న పలుకు, గిటారు మీద పది నిమిషాలు, పదిహేను నిమిషాలు తిరిగి తిరిగి వస్తుంది. కాస్త ఓపిక పడితే తెలుస్తుంది, తిరిగి వచ్చిన ప్రతిసారీ అది కొంచెం మారుతున్నదని. రాత్రంతా ఒగ్గుకథ దగ్గర కూర్చున్న చెవికి ఇది కొత్త కాదు. డోలు అదే దెబ్బ మీద నడుస్తుంటుంది, వంతపాట అదే చోటికి వచ్చి వాలుతుంది, ఆ నడక ఆగనంతసేపూ జనం లేవరు. సభా సంగీతం ఈ పునరావృతిని చిన్నచూపు చూసింది. స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు దాన్ని సమూహం కలిసి ఊపిరి పీల్చే పద్ధతిగా గుర్తించారు.

ఉత్సవం జరుపుకోవడంతో వాళ్ళు ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. వాళ్ళు ఉత్పత్తి సాధనాల దాకా వెళ్ళారు. గ్రామఫోను రికార్డు తయారుకావాలంటే టేపు మీద పాట పట్టాలి, దాన్ని లక్కపూత పళ్ళెం మీద గాడిగా చెక్కాలి, ఆ గాడికి లోహపు అచ్చు తీయాలి, అచ్చుతో ప్లాస్టిక్‌ను నొక్కాలి. ఈ వరుసలో ఎక్కడ ఏ మెలిక పెట్టినా పాట ఆగిపోతుంది. అందుకే ప్రపంచమంతటా ఈ వరుసను పట్టుకున్న కంపెనీలే ఏ పాట వినపడాలో నిర్ణయించాయి. స్టాక్‌హోమ్ దగ్గర వాక్స్‌హోమ్‌లో 1968లో మొదలైన ఎం.ఎన్.డబ్ల్యు., 1970లో మొదలైన సైలెన్స్ అనే రెండు చిన్న సంస్థలు ఈ వరుసలో మొదటి మెట్టును, అంటే పాట పట్టే గదినీ మూలటేపునూ, తమ చేతుల్లోకి తీసుకున్నాయి. అచ్చు మాత్రం డబ్బిచ్చి బయట పోయించుకున్నారు. పంపిణీకి తమ సొంత ఏర్పాటు చేసుకున్నారు. 1973 నుంచి 1980 దాకా ‘సంగీతపు శక్తి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పత్రిక నడిచింది. 1974లో ఊరూరా ఉన్న లాభాపేక్ష లేని సంగీత సంఘాలు ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. పట్టేవాడు, అమ్మేవాడు, విమర్శించేవాడు, వేదిక ఇచ్చేవాడు - నలుగురూ ఉద్యమంలోంచే వచ్చారు.

ఫలితం ఏమిటో మాల్మో నగరపు హూలా బండూలా బ్యాండ్ రికార్డుల్లో వినవచ్చు. మికాయెల్ వీయె, బ్యోర్న్ అఫ్సీలియస్ ఈ బృందపు ప్రధాన రచయితలు, గాయకులు. 1971 నుంచి 1975 దాకా నాలుగు రికార్డులు వేశారు. మంచి బాణీ, చక్కటి ఉచ్చారణ, నేరుగా మాట్లాడే పాట. చిలీ గాయకుడు విక్టర్ హారాను 1973 సెప్టెంబరులో సైనిక నియంతలు చంపిన తర్వాత, ఆయన మీద రాసిన పాట వాళ్ళ 1975 రికార్డులో ఉంది. అదే ఏడు స్వీడన్‌లోని బోస్తాద్‌లో చిలీ జట్టుతో టెన్నిస్ పోటీ జరగనున్నప్పుడు, దాన్ని ఆపమంటూ ఒక పాట రాసి వెంటనే చిన్న రికార్డుగా విడుదల చేశారు. ఈ ‘వెంటనే’ అన్న మాట గమనించాలి. ఏ సంఘటన మీద పాట పుట్టిందో ఆ సంఘటన ముగియకముందే రికార్డు జనం చేతికి రావాలంటే, కంపెనీ నీదై ఉండాలి. పెద్ద కంపెనీ మేనేజరు గది బయట కూర్చుంటే పాట చల్లారిపోతుంది.

ఆబ్బా బృందంతో వాళ్ళకు వచ్చిన తగాదా ప్రసిద్ధమే. 1974లో ఆబ్బా యూరోవిజన్ పాటల పోటీ గెలవడంతో 1975 పోటీ స్టాక్‌హోమ్‌కు వచ్చింది. ఉద్యమకారులు దానికి పోటీగా ప్రత్యామ్నాయ ఉత్సవం జరిపారు. మరుసటి ఏడాది పోటీలో స్వీడన్ పాల్గొనలేదు. ఈ విజయాన్ని ఎక్కువ చేసి చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఆబ్బా పాటల పనితనాన్ని వెక్కిరించినంత తేలికగా వాళ్ళ జనాదరణను వివరించలేకపోయారు. మన దగ్గర సినిమా పాట విషయంలో జరిగిందీ ఇదే. సిరిసిల్లలో చదువుకున్న హనుమాజీపేట రైతుబిడ్డ సి. నారాయణరెడ్డి సినిమా పాట రాస్తే, దాన్ని సాంచాల మధ్య నిలబడి కార్మికుడు ఎందుకు పాడుకుంటాడో మన విమర్శ ఓపికగా అడగలేదు.

జాజ్ విషయానికి వస్తే, దానికి పునాది 1964లోనే పడింది. పియానో వాద్యకారుడు యాన్ యోహాన్సన్, బాస్ వాయించే యేఓర్గ్ రీడెల్ అనే ఇద్దరే కూర్చుని పాత పల్లెబాణీలను మెల్లగా, దాదాపు గుసగుసలాడినట్టు వాయించి ఒక రికార్డు వేశారు. స్వీడన్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయిన జాజ్ రికార్డు అదే. ఆ బాణీలు ఆయనకు ఎక్కడివి? 1922 నుంచి 1940 వరకు 24 సంపుటాలుగా వెలువడిన ‘స్వీడిష్ బాణీలు’ అనే సంకలనంలోవి. ఊళ్ళు తిరిగి ఫిడేలు వాయించే రైతుల దగ్గర కూర్చుని సుమారు 8,000 బాణీలను స్వరలిపిలో రాసుకున్నారు. ఏ బాణీ ఏ ఊరిలో ఎవరి దగ్గర దొరికిందో కూడా రాశారు. అందువల్ల డెబ్భయ్యవ దశకపు యువకులకు పల్లె సంగీతం ఊహాచిత్రంగా కాక చేతికందే సామగ్రిగా దొరికింది. ఉప్సాలాలో ‘పని, తీరిక’ అనే అర్థం వచ్చే పేరుతో ఏర్పడిన బృందం ఆ బాణీలను జాజ్ సాక్సఫోనుతో, రాక్ డ్రమ్ములతో కలిపింది. దేశంలోకెల్లా ఎత్తైన కొండ పేరు పెట్టుకున్న కేబ్నెకైసె బృందం 1973లో వాటిని కరెంటు గిటార్ల మీద మోగించింది.

ఆ బృందాల్లో తాళవాద్యకారుడు బెంగ్ట్ బెరియెర్ భారతదేశం వచ్చి తబలా, మృదంగం నేర్చుకున్నవాడు. ఆయన వాయించిన జాజ్ చతుష్టయం పేరు ‘రేనా రామా’. పేరు చూసి భజన మండలి అనుకునేరు. స్వీడిష్‌లో అది ‘అచ్చమైన’ అనే అర్థంలో వాడే పలుకుబడి. అమెరికా నల్లజాతి జాజ్ కళాకారుడు డాన్ చెర్రీ ఆ దశకంలో స్వీడన్‌లోని తోగార్ప్ అనే పల్లెలో పాత బడి ఇంట్లో కాపురముండి, పిల్లలతో, ఇరుగుపొరుగుతో కలిసి భారతీయ, ఆఫ్రికా బాణీలను పాడాడు. వీళ్ళ పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఒక సంగతి నన్ను వదలలేదు. అంత దూరం నుంచి వచ్చి మన తాళాన్ని వెతుక్కున్నవాడికి దొరికింది మృదంగం, తబలా. డప్పు దొరకలేదు. ఆ కాలంలో భారతీయ సంగీతంగా రికార్డుల మీద ప్రపంచం తిరిగింది ప్రధానంగా సభా సంగీతమే. మాదిగవాడి డప్పు ఏ పళ్ళెం మీదా అంత దూరం ప్రయాణం చేయలేదు. రికార్డు కానిది ప్రపంచానికి లేనట్టే. కులం వినికిడిని కూడా పంచిందంటే ఇదీ ఒక సాక్ష్యం.

రూపం గురించి అక్కడ జరిగిన తగాదా మనకు బాగా తెలిసిన తగాదాయే. ‘బిగించిన పిడికిళ్ళు’ అనే పేరు గల ఒక బృందం 1971లో పాత కార్మిక గీతాలను కవాతు పద్ధతిలో పాడి రికార్డు వేసింది. రాక్ సంగీతమే సామ్రాజ్యవాద సరుకు అన్న వాదన వచ్చింది. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ‘సామ్లా మమ్మాస్ మన్నా’ బృందం ఉంది. బేసి తాళాల్లో పరుగెత్తుతూ, మధ్యలో పకపకా నవ్వుతూ, మాటలు దాదాపు లేకుండా వాయించేవాళ్ళు. మాటలు లేని సంగీతం ప్రగతిశీలం ఎలా అవుతుందని వాళ్ళను అడిగినవాళ్ళకు 1978 మార్చిలో లండన్‌లో జవాబు దొరికింది. పెద్ద కంపెనీలు వేయడానికి ఇష్టపడని ఐదు దేశాల బృందాలు కలిసి ఒక వేదిక ఏర్పరచుకున్నాయి, అందులో సామ్లా ఒకటి. నా మటుకు పిడికిళ్ళ రికార్డు ఒకసారి విన్నాను, సామ్లా వాళ్ళ 1973 రికార్డు ఇప్పటికీ వింటున్నాను. సరైన మాటను నిర్జీవమైన బాణీలో పెడితే విన్నవాడు తల ఊపి వెళ్ళిపోతాడు, పాటను ఇంటికి తీసుకుపోడు.

ఇక మన వైపు చూద్దాం. డెబ్భయ్యవ దశకంలో మన దేశంలో గ్రామఫోను రికార్డు అంటే దాదాపుగా ఒకటే కంపెనీ - కుక్క బొమ్మ కంపెనీ. దాని కర్మాగారం కలకత్తా డమ్‌డమ్‌లో. తెలుగులో అది వేసేది సినిమా పాటలు, హరికథలు, శాస్త్రీయ సంగీతం, కొన్ని నాటకాలు. 1972లో హైదరాబాదులో పుట్టిన జననాట్యమండలి ఆ కంపెనీ గడప తొక్కే ప్రశ్నే లేదు. గద్దర్ పాటా, గజ్జెలూ, డప్పూ మనిషి నుంచి మనిషికే ప్రయాణించాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాదిమంది రైతుకూలీలు ఊరేగింపు తీశారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ ఏడాది మా తాలూకాలో ప్రతి ఊళ్ళోనూ పాట ఉంది. దాన్ని పట్టిన టేపు ఒక్కటి కూడా నా చెవిన పడలేదు.

టేపురికార్డరు మా ప్రాంతానికి ఏ సంగీత సంస్థ ద్వారానో రాలేదు. దుబాయి నుంచి వచ్చింది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి కూలికి పోయినవాళ్ళు సెలవుకు వస్తూ భుజాన వేసుకొచ్చిన టూ-ఇన్-వన్‌లే మా మొదటి స్టూడియోలు. ఉత్తరం రాయడం రాని భార్య, తన మాటను క్యాసెట్టు మీద పట్టి అక్కడికి పోయే మనిషి చేతికిచ్చి పంపేది. ఆ మాటల చివర పిల్లల చేత ఒక పాట పాడించడం మామూలు. ఆ యంత్రం మీదనే, ఊళ్ళో సభ జరిగితే పాటలు పట్టారు. ఒక క్యాసెట్టుకు ఇంకో క్యాసెట్టు, దానికి మరొకటి. స్వీడన్‌లో ఒక కంపెనీ వెయ్యి రికార్డులు పోస్తే, ఇక్కడ ప్రతి ఇల్లూ ఒక ప్రతిని తీసే కర్మాగారం అయింది. విస్తృతిలో మనది చిన్న విషయం కాదు. వాళ్ళకు సంస్థ, భవనం, ఖాతాపుస్తకం కావలసి వచ్చింది, మనకు అవి లేకుండానే పాట చేరింది.

నష్టం మరోచోట జరిగింది. ఆ చిన్న యంత్రాల్లో శబ్దాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు ఉంటుంది. పెద్ద శబ్దం వస్తే యంత్రం తన వినికిడిని తగ్గించుకుంటుంది. డప్పు మీద సిర్ర పడ్డ ప్రతిసారీ పాడేవాడి గొంతు లోపలికి కుంగిపోయి, దెబ్బకూ దెబ్బకూ మధ్య నెమ్మదిగా పైకి తేలుతుంది. చిటికెన పుల్ల చేసే సన్నటి పని మొత్తం మాయమవుతుంది. దానిమీద ప్రతి నకలుకూ గాలి హోరు పెరుగుతుంది. నాలుగో నకలుకు వచ్చేసరికి మాట వినిపిస్తుంది, మనిషి వినపడడు. మాట చాలులే అనుకున్నాం, ఎందుకంటే మాట పాటల పుస్తకంలో ఉంది. మూలటేపు అన్న భావనే మనకు లేదు.

ఉన్నచోట దాని విలువ ఎంతో ఒక్క ఉదాహరణ చెప్తాను. బి. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మాభూమి’ సినిమా 1979లో తయారై 1980లో విడుదలైంది. అందులో సాయుధపోరాట కాలపు బండి యాదగిరి పాటను గద్దర్ పాడాడు. సినిమా వాళ్ళు సినిమా పద్ధతిలో పట్టారు కాబట్టి ముప్ఫై ఏళ్ళ వయసు దాటిన గద్దర్ గొంతులోని జీరా, ఊపిరి తీసుకున్న చోటూ ఈ రోజు వినగలం. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు ఊరూరా మోగింది ఆ పాటే. మరి బండి యాదగిరి స్వయంగా ఎలా పాడేవాడు? మనకు ఆయన పదాలున్నాయి, గొంతు లేదు.

ఇందులో చట్టానిది కూడా పాత్ర ఉంది. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరి కొన్ని గ్రంథాలయాలకూ పంపాలి. 1956లో పత్రికలను చేర్చారు. రికార్డు గానీ క్యాసెట్టు గానీ అందులో లేదు. అంటే పాటల పుస్తకానికి కాగితం మీదనైనా ఒక చోటుంది, పాటకు లేదు. స్వీడన్‌లో 1979 నుంచి రికార్డులను, క్యాసెట్లను ప్రభుత్వ భాండాగారానికి ఇవ్వాలని చట్టం. అంతకుముందే స్వీడిష్ రేడియో, తనను తిట్టే బృందాలను కూడా పిలిచి వాయింపించి టేపులు భద్రపరిచింది. 2013లో ఆ టేపుల నుంచి 40 డిస్కుల పెట్టె ఒకటి వెలువడింది. దీన్ని చూసి ఆ రాజ్యం ఉదారమైనదని మురిసిపోనవసరం లేదు. 1974లో అక్కడి పార్లమెంటు ఆమోదించిన సాంస్కృతిక విధానంలో వ్యాపార ధోరణి దుష్ఫలితాలను ఎదుర్కోవాలన్న లక్ష్యం చేరిందంటే, ఆ ఒత్తిడి కింది నుంచి వచ్చింది. వ్యతిరేకతను జీర్ణం చేసుకోగల సంపద ఆ రాజ్యానికి ఉండటం కూడా నిజం. మన తాలూకాల్లో క్యాసెట్టు ఇంట్లో ఉండటమే భయానికి కారణమైన రోజులున్నాయి. చాలా టేపులు పొయ్యిలోకీ బావిలోకీ పోయాయి, కొన్నిటి మీద సినిమా పాటలు ఎక్కించుకున్నారు.

స్వీడన్ ఉద్యమం దశకం చివరికి అలసిపోయింది. తగాదాలు, ఖర్చులు, కొత్తతరం అభిరుచి - కారణాలు చాలా ఉన్నాయి. అయితే ‘నీలి రైలు’ అనే అర్థం గల పేరుతో పాడిన పాత బృందం 1972లో రాజ్యమూ పెట్టుబడీ చేయి కలపడం మీద వేసిన పాటను, 1980లో ఎబ్బా గ్రోన్ అనే పంక్ బృందపు కుర్రాళ్ళు తీసుకుని రెట్టింపు వేగంతో, రెట్టింపు కోపంతో పాడారు. ఈ రోజు స్వీడన్‌లో ఎక్కువమందికి ఆ రెండవదే తెలుసు. పాతది రికార్డుగా ఉండబట్టే కొత్తవాళ్ళకు దాన్ని విని, దానితో పోట్లాడి, మార్చుకునే వీలు కలిగింది. మన కుర్రాళ్ళు 1978 నాటి పాటను మార్చి పాడాలంటే, దేన్ని మారుస్తున్నారో వినే దారి లేదు.

ఇప్పటికీ మా ఊళ్ళోనే కొన్ని ఇళ్ళల్లో ఇనుప పెట్టెల అడుగున క్యాసెట్లున్నాయి. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటిలో టేపును నొక్కిపట్టే స్పంజి ముక్క ఊడిపోయింది. అలాంటివాటిని నేరుగా యంత్రంలో పెట్టి మీట నొక్కకూడదు. పెంకు విప్పి, టేపును మంచి పెంకులోకి మార్చి, ఒకసారి మెల్లగా చివరిదాకా చుట్టి, తలను స్పిరిటుతో తుడిచిన యంత్రం మీద ఒకేసారి కంప్యూటరులోకి ఎక్కించాలి. రెండోసారికి టేపు బతుకుతుందన్న నమ్మకం లేదు. పెంకు మీద రాసి ఉన్న పెన్సిలు రాత కూడా ఫొటో తీసుకోవాలి.

స్వీడన్ రికార్డుల అట్టల మీద పాడినవాళ్ళ పేర్లతోపాటు టేపు పట్టినవాడి పేరు, వాయించిన ప్రతి ఒక్కరి పేరు, ఏ ఊళ్ళో ఏ నెలలో పట్టారన్నది కూడా తరచు కనిపిస్తుంది. మన పాటల పుస్తకాల్లో రచయిత పేరుంటుంది, ఒక్కోసారి అదీ మారుపేరే. డప్పు కొట్టినవాళ్ళ పేర్లు ఉండవు. వాళ్ళలో కొందరు గంభీరావుపేట చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, డెబ్భై దాటిన మనుషులు. నర్మాల డ్యాం కింది పల్లెల్లో ముగ్గురిని కలిశాను. పాట మొదలుపెట్టగానే ఇద్దరి చేతులు బల్ల మీద దెబ్బ వెతుక్కున్నాయి. మూడో ఆయన, ముందు డప్పు కాచుకోవాలి, గడ్డి తెమ్మన్నాడు.